నెట్టు వేయించకు నాయనా

పాన్‌గల్,
సోమవారం

మా మంచి నాయనకు,

నీ బిడ్డ రోహిణి క్షేమంగా ఉంది. అత్తగారింట్లో కడుపునిండా తింటూ, విత్తనానికి పల్లికాయ వొలుస్తూ ఉంది. ముందు ఈ మాట చదివి, చెంబెడు నీళ్ళు తాగి, తర్వాత మిగతాది చదువు. నిన్న నువ్వు నీ అల్లుడికి ఫోను చేసి ఏమేమి అడిగావో నాకు తెలుసు. ఆయన నాకు చెప్పడానికి చేతికి కాగితం అందక గోడ మీద బొగ్గుతో రాశాడు: "మీ నాయన పరేషాన్ల ఉన్నడు. నీ మొఖం గనవడ్తలేదని ఏడ్వవట్టిండు." దసరాకు సున్నం వేసిన గోడ అది. అప్పుడు అత్తమ్మ నన్ను చూసిన చూపు నువ్వు చూడాల్సింది. ఆ బొగ్గు నేనే ఏరి తెచ్చి ఆయన చేతిలో పెట్టాననుకుందో ఏమో.

నిజంగా ఏడ్చావా నాయనా? నన్ను అప్పగించేటప్పుడు కూడా ఏడవలేదు కదా నువ్వు. కంట్లో నలక పడిందని చెప్పి పెరట్లోకి పోయి, అందరూ బస్సెక్కేదాకా రాలేదు.

ఫోను బాగానే ఉంది. ఎవరూ లాక్కోలేదు, నీళ్ళలో పడలేదు. వినపడని వాళ్ళకని సర్కారు సబ్సిడీ మీద ఇచ్చే ఆ ఫోను కోసం మగ్గం దిగి ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగావో నేను మరిచిపోలేదు. "నా బిడ్డ ఏడున్నా నా కండ్ల ముంగట్నే ఉంటది" అని అమ్మతో చెప్పుకుంటూ దాన్ని పసుపు బట్టలో చుట్టి నా పెట్టెలో పెట్టావు. ఇప్పటికీ అదే బట్టలో, దీపం గూటి పక్కన ఉంది. కరెంటు పోతే దాని టార్చి వేస్తాను. పొద్దున లేచి టైము చూస్తాను. మన మగ్గం ఫోటో ఒకటి ఉంది చూడు, కళ్ళద్దాలు నుదుటి మీదికి ఎక్కించుకుని నువ్వు వాటి కోసమే వెతుకుతున్నది, అది చూసి నవ్వుకుంటాను. నెట్టు మాత్రం లేదు. ఉన్నది అయిపోయింది, మళ్ళీ వేయించుకోలేదు. మామూలు వాళ్ళకైతే నెట్టు లేకపోయినా హలో అనుకోవడానికి ఫోను పనికొస్తుంది. నాకు ఎదుటి మనిషి చేతులు కనిపిస్తేనే అది ఫోను. లేకపోతే టార్చిలైటు. అది తెలిసే చేశాను.

ఎందుకని ఇప్పుడే అడగకు. డబ్బులు లేక కాదు. నీ అల్లుడు వేయిస్తానని అడిగాడు కూడా. నేనే తల అడ్డంగా ఊపాను. ఆయనది మీటలు నొక్కే ఫోను, కాబట్టి అందులో నన్ను చూపించమని ఆయన వెంట పడకు. మన పక్కింటి గీత ఫోను ముందు పెట్టుకుని సాయంత్రాలు నా కోసం ఎదురుచూడకు. ఆ పిల్లకూ పనులుంటాయి.

ఇక్కడి సంగతులు చెప్పమంటావు. మీ వియ్యపురాలి నోట్లో పొద్దు లేచినప్పటి నుంచి ఆకూ వక్కా ఉంటాయి. పెదవులు చూసి మాట పట్టుకోవడం మా బడిలో నేర్పారు గానీ నమిలే నోటిని చదవడం ఎవరూ నేర్పలేదు. నీ అల్లుడు మాట్లాడితే మీసమే కదులుతుంది. పై పెదవి ఉందో లేదో నాకింతవరకు తెలియదు. ఆపైన ఇప్పుడు వొలిచే పని. నా చేతులకు పనుంటే నాకు నోరు లేనట్టే కదా. కాబట్టి నీ బిడ్డ బుద్ధిమంతురాలైపోయింది, పొద్దంతా ఒక్క మాట కూడా మాట్లాడదు.

మగ్గం మీద నా చోట అమ్మ కూర్చుంటున్నదా? ఆమెకు తొందరెక్కువ. కసురుకోకు.

ఇట్లు,
నీ కుడి పక్కన కూర్చునే
రోహిణి


పాన్‌గల్,
బుధవారం

నాయనా,

నీ ఉత్తరం చదివి ప్రేమ వచ్చింది, కోపమూ వచ్చింది. కోపం ముందు రాసేస్తాను. "గీతతోని ఈడికెంచే రీఛార్జ్ వేయిస్త. మళ్ళ గూడ నువ్వు గనవడకుంటే బస్సెక్కి వచ్చి తోల్కపోత. ఆ ఇంట్ల నీ మాట తెల్సినోళ్ళు ఒక్కరు లేరు బిడ్డా" అని రాశావు. నెట్టు వేయించకు నాయనా. బస్సెక్కకు. ఆఖరి మాట మాత్రం నువ్వు నిజమే రాశావు. ఈ ఉత్తరం దాని గురించే.

మన మాట ఎక్కడ పుట్టిందో నీకు గుర్తుందా? మగ్గం మీదే కదా. చీర నడుమ నూలు నువ్వు నేస్తుంటే, పట్టు అంచు నేసే చిన్న నాడె నేను కుడి పక్కన కూర్చుని తోసేదాన్ని. బడి సెలవులన్నీ అక్కడే గడిచాయి. నన్ను పిలవాలంటే అరచేతి అంచు వెంట వేలు గీసేవాడివి. అదే నా పేరు, అంచు. తెగిన దారం అతికినట్టు రెండు వేళ్ళు మెలివేస్తే పెళ్ళి. కత్తిరించినట్టు చేస్తే ఇక ఆ సంగతి ముగిసింది. మగ్గం కింది గుంటలో తొక్కుడు కర్రల మీద కాళ్ళు ఆడించినట్టు చేతులు కిందికీ మీదికీ ఆడిస్తే మగ్గం. అమ్మ ఇంట్లో తిరుగుతూ సగం చూసేది, సగం వదిలేసేది. నువ్వూ నేనూ మాత్రం పొద్దంతా మాట్లాడుకునేవాళ్ళం. ఊళ్ళో వాళ్ళు నన్ను మూగది అన్నప్పుడల్లా నాకు నవ్వు వచ్చేది. నేనంత వాగుడుకాయనని వాళ్ళకేం తెలుసు.

పెళ్ళయి ఇక్కడికి వచ్చాక నీ ఫోను వచ్చేది. అందరం దాని ముందు కూర్చునేవాళ్ళం. నేను చేతులు కదిపితే వీళ్ళు నా చేతులు చూసేవాళ్ళు కాదు నాయనా. ఫోనులో నీ మొహం చూసేవాళ్ళు. "ఏమంటున్నది అన్నా? జర చెప్పు" అని అత్తమ్మ నిన్ను అడిగేది. నువ్వు చెప్పేవాడివి. ఆమె జవాబు నీకే చెప్పేది. నువ్వు మళ్ళీ నాకు చెప్పేవాడివి. ఆమె మోకాలు నా మోకాలికి తగులుతూ ఉండేది, అయినా నా మాట మన గద్వాల దాకా, నీ దగ్గరికి పోయి రావాల్సి వచ్చేది. నీ అల్లుడు కూడా అంతే. ఒకరోజు నాకు జ్వరం వస్తే నా నుదుటి మీద చెయ్యి పెట్టకుండా నీకు ఫోను కలిపి "ఏం నొస్తుందో అడుగు మామా" అన్నాడు. మంచివాడే. దగ్గర దారి ఉంటే ఎవరైనా దాన్నే పోతారు.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను. ఇన్నాళ్ళు నా కడుపులో ఉన్నది ఇదే.

ఒక సాయంత్రం నేను చేతులతో చెప్పాను, నాకు మగ్గం కావాలి, ఈ ఇంట్లో పెట్టుకుంటాను, చేను పనీ చేస్తాను గానీ నేయకపోతే నాకు బతికినట్టు ఉండదు అని. చాలా రోజులు ఆలోచించుకుని, ధైర్యం తెచ్చుకుని చెప్పిన మాట నాయనా అది. అత్తమ్మ మామూలుగా నిన్ను అడిగింది. నువ్వు నా మీది నుంచి చూపు తిప్పుకున్నావు. తర్వాత నీ పెదవులు కదిలాయి: "ఏం లేదక్కా. మీరెట్ల జెప్తే అట్ల ఉంటనంటున్నది. చేన్ల పని గూడ మంచిగ నేర్సుకుంటనంటున్నది."

పుట్టినప్పటి నుంచి నీ పెదవులు చూస్తున్నదాన్ని. నీ నోట్లో నుంచి ఏ మాట వస్తుందో నీకంటే ముందు నాకు తెలుస్తుంది. అది మరిచిపోయావా? నా చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి. అత్తమ్మ సంబరపడి నా తల నిమిరింది. ఆ నిమిరింది నన్ను కాదు. నువ్వు చెప్పిన ఆ బుద్ధిమంతురాలిని ఎవరినో.

ఎందుకు అలా చెప్పావో నాకు తెలుసు. కొత్త కోడలు, అందునా వినపడని పిల్ల, వచ్చీ రాగానే కోరికలు కోరుతుందని వాళ్ళు అనుకుంటే నేను మాట పడతానని భయపడ్డావు. ప్రేమతోనే మార్చావు. కానీ ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. ఇంకా ఎన్ని మార్చావో అని వెతుక్కున్నాను. పప్పులో పులుపు ఎక్కువైందని నేను చెప్పిన రోజు అత్తమ్మ అంత సంతోషపడి నాకు మరో గరిటె ఎందుకు వడ్డించిందో అప్పుడు అర్థమైంది. ఆ రోజు నుంచి నాకు పులుపంటే ప్రాణమని ఈ ఇంట్లో అందరి నమ్మకం. తినలేక చస్తున్నాను.

అందుకే నెట్టు మానేశాను. అది ఉన్నంతకాలం వీళ్ళకు నా చేతులతో పని లేదు. నిన్ను చూడకుండా ఉండటం నాకు సులువు అనుకోకు. సాయంత్రమైతే చెయ్యి దానంతట అదే గూటి వైపు పోతుంది. పోనీ ఇవాళ ఒక్కరోజు అనిపిస్తుంది. మళ్ళీ పల్లికాయ ముందు కూర్చుంటాను.

ఇది కుదురుతుందో కుదరదో తెలియదు. ఇప్పటివరకైతే కుదరలేదు. నేను చేతులు కదిపితే అత్తమ్మ భయపడ్డట్టు చూసి, ఒక గిన్నె నిండా పెట్టి ఇస్తుంది. ఆమెకు నేను ఏం చెప్పినా ఆకలి అని తోస్తుందేమో. విత్తనం వేయడం అయిపోయేదాకా చూస్తాను. అప్పటికీ ఈ ఇంట్లో ఎవరికీ నా మాట పట్టుబడకపోతే నేనే బస్సెక్కి వస్తాను, నువ్వు రావాల్సిన పని లేదు. అంతవరకు ఓపిక పట్టు. నా మీద అలగకు. అలిగితే నీ ఉత్తరం చిన్నదవుతుంది, నాకు తెలిసిపోతుంది.

నీ మీద కోపం తగ్గని,
నువ్వు తప్ప దిక్కులేని
రోహిణి


పాన్‌గల్,
శనివారం

నాయనా,

కూర్చుని చదువు. నవ్వు వస్తుంది, తర్వాత ఏమొస్తుందో నేను చెప్పలేను.

నీ ఉత్తరం చిన్నగానే వచ్చింది. "తప్పయింది బిడ్డా, నీ ఇష్టం" అని అంతే రాశావు. దాన్ని ఫోను పక్కన, అదే పసుపు బట్టలో పెట్టాను. నాకు తప్పు ఒప్పుకునే నాయన వద్దు, ఎప్పటిలాగా వాదించే నాయన కావాలి. పెద్ద ఉత్తరం రాయి.

పోయిన వారం ఒక సాయంత్రం నీ అల్లుడు ఏదో చెబుతున్నాడు, నాకు ఒక్క ముక్క అందలేదు. విసుగు పుట్టి ఆయన మీసం రెండు వేళ్ళతో పైకెత్తి పట్టుకుని, నా కళ్ళు చూపించి, తల అడ్డంగా ఊపాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. నేనూ మరిచిపోయాను. నిన్న ఆయన మంగలి దగ్గరికి పోయి మీసం తీయించుకున్నాడు. మొత్తం, నున్నగా.

మన దిక్కు మీసం ఎప్పుడు తీస్తారో నీకు చెప్పాలా? ఈయన తండ్రి పోయి చాలా ఏండ్లయింది. ఇక మిగిలింది తల్లి. మీసం లేని మొహంతో ఆయన ఊరి నడుమ నుంచి నడిచి వస్తుంటే చూసినవాళ్ళంతా చూసినట్టే పనులు వదిలేశారు. ఆయన ఇంటికి చేరకముందే వాడకట్టు సుభద్రమ్మ జుట్టు విరబోసుకుని గుండెలు బాదుకుంటూ వచ్చింది. వచ్చి చూస్తే మా అత్తమ్మ బాలనాగమ్మ అరుగు మీద కాళ్ళు చాపుకుని ఆకు నములుతూ పల్లికాయ వొలుస్తున్నది. సుభద్రమ్మ వెనక ఇంకా జనం. తన చావుకు ఏడవడానికి వచ్చినవాళ్ళకు అత్తమ్మ తన చేతులతోనే మంచినీళ్ళు ఇచ్చి పంపింది.

అప్పుడు వచ్చాడు ఈ మహానుభావుడు. అత్తమ్మ నోట్లోని ఆకు వాకిట్లోకి ఉమ్మేసింది. బాగా తిట్టాలంటే నోరు ఖాళీగా ఉండాలి కదా. నేను ఈ ఇంటికి వచ్చాక ఆమె ఖాళీ నోరు చూడటం అదే మొదలు. ప్రతి మాటా నాకు తేటగా కనిపించింది. "నేనింక బతికే ఉన్న గదరా. నా ఎదురుంగ మీసం దీస్తవా? నీకేమొచ్చిందిరా?" ఆయన నా వైపు చూపించి అన్నాడు: "గామెకు నా మాట దెల్వాల్నని దీసిన. నా పెదవులు గనవడ్తలేవంట."

అది నేను ఆయన పెదవుల మీదే చదివాను నాయనా. ఎవరూ చెప్పలేదు, గోడ మీద రాయలేదు. మా ఆయన నాతో మాట్లాడిన మొదటి మాట అది అనుకుంటాను, అది కూడా వాళ్ళమ్మకు చెబుతున్నది. నాకు ఏడుపు ఆగలేదు.

అత్తమ్మ కోపం ఇప్పుడు నా మీదికి తిరిగింది. దగ్గరికి వచ్చి, నా మొహంలో మొహం పెట్టి అడిగింది: "వీడు గింత జేసిండు నీ కోసం. ఇంకేం గావాలె నీకు? ఏం తక్కువైంది? చెప్పు." ఫోను గూట్లోనే ఉంది. ఆమె గద్వాల వైపు చూడలేదు. నన్నే అడిగింది. నేను కళ్ళు తుడుచుకుని రెండు చేతులూ కిందికీ మీదికీ ఆడించాను, గుంటలో కాళ్ళు ఆడినట్టు. నాడె తోసినట్టు చేశాను.

ఆమె కోపం మొహం మీదే ఆగిపోయింది. నా చేతుల వైపు చాలాసేపు చూసింది. తర్వాత నా మణికట్టు పట్టుకుని లోపలికి తీసుకుపోయి, విత్తనం బస్తాల మూల నిలబెట్టి, కాలితో నేల గీకింది. అక్కడి మన్ను వేరే రంగు. "గీడనే మగ్గం గుంత ఉండె. మీ మామ గీడనే గూసుండె" అంది. పెదవులతో సగం, చేతులతో సగం. గుంట చెమ్మకు ఆయన కాళ్ళు పట్టుకుపోయాయని, చివరికి లేపి బయట కూర్చోబెట్టాల్సి వచ్చేదని తన మోకాళ్ళు కొట్టుకుని చూపించింది. ఆయన పోయాక కొడుకు అందులో కాళ్ళు పెట్టకూడదని తన చేతులతోనే మన్ను పోసి పూడ్చిందట. తర్వాత వేళ్ళతో దారం కత్తిరించినట్టు చేసింది. మనం చేసినట్టే, అచ్చం. నేను నేర్పలేదు నాయనా. మగ్గం పక్కన బతికిన చేతులకు ఎవరు నేర్పాలి?

నేను ఒప్పుకోలేదు. నా కాళ్ళు చూపించాను, గట్టిగా ఉన్నాయని నేల తన్నాను. ఆమె మళ్ళీ కత్తిరించింది. నేను మళ్ళీ నాడె తోశాను. ఇద్దరం చేతులతో ఎంత పోట్లాడుకున్నామంటే, నీ అల్లుడు గుమ్మంలో నిలబడి ఒకసారి అటు, ఒకసారి ఇటు చూస్తూ ఉండిపోయాడు. ఆమె ఏమంటున్నదని ఎవరూ ఎవరినీ అడగలేదు.

ఆఖరికి వద్దంది నాయనా. మగ్గం వద్దంది. అయినా నేను తృప్తిగా అన్నం తిన్నాను. ఆ వద్దు నీకు కాదు, నాకే చెప్పింది. పులుపు సంగతి కూడా తేల్చేశాను. అత్తమ్మ నమ్మలేనట్టు చూసి, ఇన్నాళ్ళు ఎందుకు తిన్నావే పిచ్చిదానా అని నెత్తి మీద మొట్టింది. ఇది నన్నే మొట్టింది.

మీసం లేని అల్లుడి నమస్కారాలు.

నీ
రోహిణి


పాన్‌గల్,
గురువారం

నాయనా,

విత్తనం వేయడం అయిపోయింది. బస్తాలు లేచిపోయి ఆ మూల ఖాళీ అయింది. ఇవాళ పొద్దున నేను వాకిలి ఊడ్చి లోపలికి వస్తుంటే కాళ్ళ కింద నేల అదిరింది. నన్ను పిలవాలంటే కాలితో నేల తన్నాలని అత్తమ్మ నేర్చుకుంది. చూస్తే ఆ మూలలో, పూడ్చిన గుంటకు కుడి పక్కన కూర్చుని ఉంది. నోట్లో ఆకు లేదు. నన్ను చూసి తన అరచేతి అంచు వెంట వేలు గీసింది.

అది నా పేరు. నా పేరని ఆమెకు ఈమధ్యే చెప్పాను. వచ్చి ఎదురుగా నిలబడ్డాను. ఆమె తల ఊపి, మళ్ళీ అరచేతి అంచు మీద గీసి, ఈసారి వేలు తన గుండె మీద పెట్టుకుంది. "నేను గూడ" అంది. మామ నడుమ నేస్తుంటే, కొత్త కోడలుగా వచ్చిన నాటి నుంచి కుడి పక్కన కూర్చుని అంచు నాడె తోసింది ఆమేనట. ఆ చోటు ఆమెది. నేను మగ్గం అడిగిన రోజు తనకు గుంట గుర్తుకు రాలేదట, ఆ చోటు గుర్తుకు వచ్చిందట. అందుకే అంత కోపమట.

నేను వెళ్ళి ఆమె పక్కన, ఇంకా కుడికి, కూర్చోబోయాను. అలవాటు కదా. ఆమె నా చెయ్యి పట్టి ఆపింది. వేలితో చూపించింది, ఇక్కడ కాదు, అక్కడ అని. నడుమ. నువ్వు కూర్చునే చోట నాయనా. "నాడె నేను తోస్త. నువ్వు నెయ్యి" అంది. నా జన్మలో నన్ను ఎవరూ నడుమ కూర్చోమనలేదు. నేనూ ఎప్పుడూ అడగలేదు.

కాళ్ళకు చెమ్మ తగలకుండా గుంట చుట్టూ బండలు పరిపిస్తుందట. అది ఆమె షరతు. నాది ఒకటే షరతు, పని వేళ ఆకు నమలకూడదని. నేసేటప్పుడు నాతో మాట్లాడాలి కదా.

ఇప్పుడు నువ్వు ఎదురుచూస్తున్న మాట. ఫోనులో నెట్టు వేయించింది. నేను కాదు, అత్తమ్మ. నేను వద్దంటే వినలేదు. "మీ నాయనతోని నేను మాట్లాడాలె" అని కొడుకును తరిమింది. ఆదివారం సాయంత్రం నీకు ఫోను వస్తుంది. గీతను అడిగి పెట్టుకో. ముందు కూర్చునేది నేను కాదు. మన అటక మీది పాత మగ్గం కట్టెలు నిన్ను అడగాలని ఆమె ఆలోచన. నోటితో అడగదట, చేతులతోనే అడుగుతుందట. పొద్దుటి నుంచి అద్దం ముందు నేర్చుకుంటున్నది. నీకు ముందే రాయవద్దంది, రాశాను. కొన్ని తప్పులు చేస్తుంది. నవ్వకు. నువ్వు ఏడిస్తే మాత్రం పెరట్లోకి పోకు, నాకు కనిపించేటట్టు ఏడువు.

నీ పక్కన అమ్మ కూర్చుంటుంది. ఆమెకు సగమే అందుతుంది కదా, ఏమంటున్నదని నిన్ను అడుగుతుంది. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పు నాయనా.

నడుమ కూర్చోబోతున్న,
నీ అంచు
రోహిణి